దొర మోటారులో పోయిన పిస్తోలు

యుద్ధం నడుస్తున్న రోజులవి. పెట్రోలు దొరక్క మా దొర మోటారు ఎక్కువ కాలం షెడ్డులోనే పడి ఉండేది. దాన్ని నడిపేవాడు మా నాయిన. శామీర్‌పేట చుట్టుపక్కల మోటారు తోలడం తెలిసినవాడు ఆయనొక్కడేనని మా అమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పేది. నిజమో కాదో నేనెప్పుడూ ఆరా తీయలేదు. అలా అనుకోవడం నాకూ ఇష్టంగానే ఉండేది.

మేము క్రైస్తవులం. మా గుడి మేడ్చల్‌లో ఉండేది. కోతలయ్యాక వచ్చే ఒక ఆదివారం అక్కడ పంట పండుగ చేసేవాళ్లం. ప్రతి ఇంటివాళ్లూ తమ చేనులోనో పెరట్లోనో పండినదాన్ని ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చి, గుడి ముందు భాగంలో ఉన్న పెద్ద బల్ల మీద పెట్టాలి. ఎవరు ఏం తెచ్చారో, ఎంత తెచ్చారో ఒకరిది ఒకరికి తెలియకూడదు కాబట్టి ఏ మూటనూ విప్పకూడదు. ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద ఒక్కొక్క మూటనూ పైకెత్తి, విప్పకుండానే వేలం వేసేవాడు. పాడుకున్నవాళ్లు అందరి ముందూ విప్పాలి. బెల్లం అనుకుని ఎగబడి పాడినవాడికి కందగడ్డ వచ్చేది, గుడి గుడంతా పగలబడి నవ్వేది. ఏడాదంతా మేము ఎదురుచూసే సంబరం ఆ మూట పాటే.

ఆ ఏడు పండుగనాడే దొరకు మేడ్చల్ కచేరీలో పని పడింది. తన పిస్తోలును అక్కడి పోలీసు అధికారి అమీను సాబుకు చూపించి లైసెన్సు కొత్తది చేయించుకోవాలి. నిజాం రాజ్యంలో సెలవు శుక్రవారం కదా, ఆదివారం కచేరీ తెరిచే ఉండేది. మోటారు ఎలాగూ అటే పోతోందని, మా వాడ మూటలు కూడా అందులో వేసుకుంటామని నాయిన చేతులు కట్టుకుని అడిగాడు. ఆ రోజు దొర మనసు బాగున్నట్టుంది.

"ఎక్కించుండ్రి. కోళ్లు మాత్రం వద్దు, సీటు ఖరాబ్ చేస్తయి" అన్నాడు.

అట్లా నేను మొదటిసారి మోటారెక్కాను. మిషన్ బడిలో పంతులమ్మగా చేరి అప్పటికి కొన్ని నెలలే. ముందు నాయిన, పక్కన దొర. వెనక మూటల మధ్య నేను, అమ్మ, అవ్వ. నా సంతోషం ఏమని చెప్పను! దేవరయాంజాల్ దాటుతున్నప్పుడు జనం బయటికొచ్చి చూస్తుంటే, నన్ను కూడా చూడాలని మెడ నిక్కించి కూర్చున్నాను. మా అవ్వ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని దారి పొడుగునా ప్రార్థన చేస్తూనే ఉంది. పైకి అనలేదు గానీ, ఆమెను చూస్తే నాకు ఒకటే నవ్వు.

దొర కచేరీ దగ్గర దిగాడు. అమీను సాబు ఉన్నాడో లేడో చూసి చాయ తాగి వస్తానని, ఈలోగా మూటలు దింపి జల్దీ రమ్మని నాయినతో చెప్పాడు. పిస్తోలు ముందు సీటు కింద, ఒక ఎర్ర గుడ్డలో చుట్టి ఉంది. ఆ సంగతి దొరకు, నాయినకు తప్ప మాకెవరికీ తెలియదు. గుడి ముందు ఆపగానే ఇంజను వేడెక్కిందని నాయిన నీళ్లకోసం బావి దగ్గరికి పోయాడు. మా ఆడవాళ్లందరం, కార్ల ఉన్నయన్నీ దేవునియే అనుకుంటూ, మీదపడి మూటలన్నీ దింపి లోపలికి చేరవేశాం. నాయిన ఇంజనులో నీళ్లు పోసి మోటారుతో కచేరీకి వెళ్లిపోయాడు.

ప్రార్థనలో రెండో కీర్తన పాడుతున్నాం. మా వాడ మనిషి ఒకతను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి ఉరికొచ్చాడు.

"అక్కా, మీ ఆయన్ను కట్టేసిండ్రు! దొర పిస్తోలు పోయిందట!"

అమ్మ చేతిలో పాటల పుస్తకం కిందపడింది. నేను ఆమెకంటే ముందే బయటికి పరుగెత్తాను. కచేరీ ఎంతో దూరం లేదు. చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఎవరేమనుకుంటారో కూడా చూడకుండా ఉరికాను.

నాయిన మోటారు పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు. తలరుమాలు కింద మట్టిలో పడి ఉంది. దొర ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవలికి అమ్ముకున్నవ్‌రా? ఇన్నేండ్లు నా ఉప్పు తిని గిదా నువ్వు జేసింది?"

"నీ బాంచెన్ దొరా, నేను ముట్టలే. మూటలు దింపిచ్చి సీదా ఇటే వచ్చిన" అన్నాడు నాయిన. పిస్తోలు దొంగతనమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ఇవాళ నాయినను లోపల వేస్తే మళ్లీ ఎప్పుడు చూస్తామో, చూస్తామో లేదో కూడా తెలియదు. నాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. దొర ఇనప్పెట్టె తాళాలు కూడా నమ్మి చేతికిచ్చిన మనిషి కదా ఆయన!

అమీను సాబు తొందరపడే మనిషి కాదు. "చర్చ్ మే దేఖ్ లేంగే", గుడిలోనే చూద్దాం అని, నాయినను తాడుతో సహా ముందు నడిపించుకుంటూ, దొరను, జవాన్లను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఎదురుగా వస్తున్న అమ్మ మమ్మల్ని చూసి ఆగిపోయింది. కిందపడిన రుమాలు నా చేతిలో ఉంటే తీసుకుని, మట్టి దులిపి, నాయిన తలకు చుట్టింది. తర్వాత మాతో పాటే నడిచింది.

మేము వెళ్లేసరికి ప్రార్థన అయిపోయి మూట పాట జోరుగా సాగుతోంది. పండుగ సందడిలో గుడిలో సగం మందికి నాయినను కట్టేసిన సంగతే తెలియదు. అమీను సాబు గడప బయట బూట్లు విప్పాడు. అది చూసి దొరకూ విప్పక తప్పలేదు. సంఘ పెద్ద మమ్మల్ని గమనించకుండా ఒక చిన్న మూటను అరచేతిలో ఎగరేస్తున్నాడు.

"సూడనీకె చిన్నగున్నది, బరువు మాత్రం మస్తున్నది! బెల్లం గడ్డనో, ఇంకేందో! ఎవలు పాడ్తరు?"

ఎర్ర గుడ్డ!

"ఏయ్! అది నాది!" దొర అరుపుకు పైకప్పులోని పిచ్చుకలన్నీ లేచిపోయాయి. సంఘ పెద్ద ఉలిక్కిపడి ముడి లాగాడు. నల్లగా మెరుస్తూ పిస్తోలు బయటపడింది. ముందు వరుసలో వాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. అయ్యగారు, అంటే మా పాదిరి, బల్ల వెనక్కి తప్పుకున్నాడు.

ఆడవాళ్లలోంచి మా అవ్వ మెల్లగా లేచింది. "గది సీటు కిందికెల్లి నేనే తెచ్చిన. కార్ల ఉన్నయన్నీ దేవునియే అన్నరు గద. దేవుని మూట ఒకటి ఇడిశిపెట్టిపోతరా బిడ్డా?"

అమీను సాబు మీసాల కింద నవ్వు మొదలై, గుడంతా పాకింది. నాకు మాత్రం ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. దొర ఒక్కడే నవ్వలేదు. విసవిసా నడిచి బల్ల మీదికి చేయి చాపాడు.

సంఘ పెద్ద పిస్తోలు మీద గుడ్డ కప్పేశాడు. "బల్ల మీదికొచ్చింది దేవునిది దొరా. మా కాయిదా గట్లున్నది. పాట పాడి తీస్కో."

దొర అమీను వైపు చూశాడు. అమీను పైకప్పు వైపు చూశాడు. దొర పళ్లు కొరుకుతూ ఏదో ధర చెప్పాడు. దొర మీద ఎవరు పాడతారు? సంఘ పెద్ద ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు.

"దానిమీద ఒక రూపాయి."

మా అమ్మ! నా పక్కన నిలబడే అంది. ఆమె దగ్గర ఆ ఒక్క రూపాయి కూడా లేదని నాకు తెలుసు. దొర ధర పెంచాడు. అమ్మ మళ్లీ అదే మాట అంది. దొర ఇంకా పెంచాడు, అమ్మ ఇంకో రూపాయి అంది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఆపుదామని కాదు, వదిలిపెడితే పడిపోతానేమోనని.

"పిస్తోలు నువ్వేం జేస్కుంటవే?" దొర గుడి దద్దరిల్లేలా అరిచాడు.

"నాకెందుకు దొరా? నా పెనిమిటి దొంగ కాదని గీ మందిల ఒక్క మాట అను. పాట ఇడుస్త."

మా వాడలో ఎవరూ, ఎప్పుడూ దొరను అలా అడగలేదు. గడప దగ్గర తాడుతో నిలబడ్డ నాయిన వద్దన్నట్టు అమ్మకు తలాడిస్తున్నాడు. అమ్మ ఆయన వైపు చూడనే లేదు. దొర నేల చూపులు చూసి, గొంతులోనే ఏదో గొణిగాడు.

"ఇనవడలే దొరా" అంది అమ్మ.

దొర ముఖం నిండా చెమట. ఒకసారి అమీనును చూశాడు, ఒకసారి జనాన్ని చూశాడు. చివరికి గట్టిగానే అన్నాడు: "వాడు దొంగ కాదు. నేనే తొందరవడ్డ."

జవాను తాడు విప్పాడు. కట్టినప్పుడు, నలుగురిలో తిట్టినప్పుడు, తాడుతో బజారులో నడిపించినప్పుడు మా నాయిన ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. అమ్మ వెళ్లి ఆయన మణికట్లు తన చేతుల్లోకి తీసుకుని రుద్దుతుంటే మాత్రం, అంతమంది ముందు, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.