ఎవరూ లేనివాళ్ళకి పిండిన నీళ్ళు

మా పంతులుగారు పోయారు. మంగళవారం పొద్దున స్నానం చేసి, తడి తుండు దండెం మీద ఆరేసి, అరుగు మీద కూర్చున్నారు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గోడకి ఒరిగిపోయారు. నలభై ఏళ్ళు మా ఊళ్ళో పెళ్ళిళ్ళూ తద్దినాలూ బారసాలలూ చేయించిన పురోహితుడు ఆయన. ఆయన్ని కింద పడుకోబెట్టాక ఒక్క మంత్రం చదవడానికి ఒక్క పురోహితుడు రాలేదు. రాలేదు కాదు, రానివ్వలేదు. రానివ్వనిది మా ఊరి గుడి కమిటీ ప్రెసిడెంటు. అటు అవనిగడ్డకీ ఇటు చల్లపల్లికీ మనుషుల్ని పంపించి, "ఆ ఇంటి గడప తొక్కితే మా ఊరి పెళ్ళిళ్ళకి ఇక మీరు రానక్కర్లేదు" అని చెప్పించాడు. ఆ ప్రెసిడెంటు నాకు స్వయానా పెదనాన్న. ఆ సంగతి దాచిపెట్టి ఈ నాలుగు కాగితాలూ మీ చేతికిచ్చే హక్కు నాకు లేదు.

కోపం మీద రాస్తున్నానని నాకు తెలుసు. కాస్త చల్లబడ్డాక రాయరా అన్నాడు మా నాన్న. చల్లబడితే రాయను. నన్ను నేను ఎరుగుదును.

నేను పంతులుగారికి శిష్యుణ్ణీ కాదు, భక్తుణ్ణీ కాదు. బందరు కాలేజీలో చేరిన ఏడాది రీడింగు రూములో దొరికిన చిన్న పుస్తకాలన్నీ చదివేసి, దేవుడి సంగతీ లోకం సంగతీ తేల్చేశాననుకుని ఊరికొచ్చాను. వచ్చిన వారానికే ఒక కరపత్రం వేశాను. 'చచ్చినవాళ్ళకి ఆకలేస్తుందా?' అని దాని పేరు. ఊరి పంతులు చచ్చినవాళ్ళ పేరు చెప్పి బతుకుతున్నాడని రాసి, ఆయన పట్టుకెళ్ళే బియ్యం, అరటికాయలు, గుమ్మడికాయ, అన్నీ వరసగా వేశాను. బజార్లో నిలబడి పంచుతుంటే ఆయనే వచ్చి చెయ్యి చాపారు. కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే మొత్తం చదివారు.

"బావుందిరా. గుమ్మడికాయ మాత్రం అబద్ధం. ఎవరన్నా నాకు గుమ్మడికాయ ఇచ్చి పదేళ్ళయింది. ఇంకోటి ఇయ్యి."

"ఇంకోటి ఎందుకండీ?"

"మా ఆవిడకి. ముప్పై ఏళ్ళుగా తనూ ఇదే మాటంటోంది. కాకపోతే అచ్చు వేయించలేదు."

బజారంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు సెలవులకొచ్చినా అరుగు మీంచి కేకేసేవారు: "ఏరా, కొత్త కాగితం ఏమన్నా పడిందా?" వెళ్ళి కూర్చునేవాణ్ణి. పోట్లాడేవాణ్ణి. నీళ్ళు ఇక్కడ వదిలితే అక్కడికి ఎలా వెళ్తాయండీ, కాలవలున్నాయా, లాకులున్నాయా అని అడిగేవాణ్ణి. ఆయన స్నానం చేసిన తుండు పిండుకుంటూ ఉండేవారు. ఒకసారి పిండి, విప్పి దులిపి, మళ్ళీ రెండోవైపు మెలిపెట్టి పిండేవారు. అందరూ అయిపోయిందనుకున్నాక కూడా ఆయన చేతికి ఇంకో నాలుగు చుక్కలు దొరికేవి. అందుకే ఆయన తుండు ఏదైనా సరే, కొసలు పీలికలై ఉండేవి. "బట్టని బతకనివ్వరు ఈయన" అనేవారు అమ్మగారు, అంటే ఆయన భార్య.

ఆ పిండడం వెనక ఏముందో నాకు మా తాత తద్దినం రోజున తెలిసింది. తండ్రికీ తాతకీ ముత్తాతకీ గోత్రం చెప్పి, పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదులుతారు. ఇది మీ అందరికీ తెలుసు. అదంతా అయ్యాక ఆఖరున ఒక చిన్న పని ఉంది. ఒంటి మీది బట్ట కొస తడిపి, పిండి, ఆ నీళ్ళు నేల మీద వదలాలి. ఆ నీళ్ళు ఎవరి పేరు మీదా కాదు. తల్లీ తండ్రీ లేనివాళ్ళకి, చుట్టం పక్కం లేనివాళ్ళకి, తమ గోత్రం చెప్పే నోరు ఒక్కటీ మిగలకుండా పోయినవాళ్ళకి. చాలా ఇళ్ళల్లో దీన్ని రెండు మాటల్లో మింగేస్తారు. అప్పటికి వంటింట్లోంచి గారెల వాసన వస్తూ ఉంటుంది మరి. ఆ రోజు పెద్దకొడుకుగా పీట మీద కూర్చున్న మా పెదనాన్న కూడా లేవబోయాడు. పంతులుగారు భుజం పట్టి కూర్చోబెట్టారు.

"కూర్చోవయ్యా. మీ నాన్నకి నువ్వున్నావు. వాళ్ళకెవరున్నారు? గట్టిగా పిండు."

పెదనాన్న గట్టిగానే పిండాడు. నేను చూశాను. అందుకే ఇవాళ ఆయన మీద నాకింత కోపం. తెలియనివాడు చేస్తే ఇంత కోపం రాదు.

ఆ తర్వాత రెండేళ్ళకి ఉప్పెన వచ్చింది. దాని గురించి దివిసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గుడివాడ వాళ్ళకీ బందరు వాళ్ళకీ పేపర్లలో పడిన ఫోటోలు చాలు. మూడో రోజున నేను చల్లపల్లి నుంచి నడిచి, ఈది, ఊరు చేరాను. ముళ్ళకంపల మీద మనుషులు, పశువులు, గడ్డివాములు, అన్నీ ఒకటే రంగు. చూసి నేను దూరంగా నిలబడిపోయాను. నేను చదివిన చిన్న పుస్తకాల్లో వేటిలోనూ ఇది లేదు. కంపల అవతల ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక ముసలాయన చాప మీద ఎవరినో లాగలేక లాగుతున్నాడు. పంతులుగారు. నన్ను చూసి నవ్వలేదు.

"ఏంట్రా చూస్తావు? నమ్మకాల సంగతి తర్వాత తేలుద్దాం. ముందు ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. ఐదు రోజులు పట్టుకున్నాను. ఎవరు ఎవరో గుర్తుపట్టే వీలు లేదు. పల్లెకారులు, పేటవాళ్ళు, కోతలకొచ్చిన కూలివాళ్ళు, అందరినీ ఒకే కుప్పగా చేర్చి కిరసనాయిలు పోశాం. రోజూ పొద్దు వాలే ముందు ఆయన కరకట్ట దిగి, మొలలోతు నీళ్ళలో నిలబడి తుండు తడిపి పిండేవారు. ఊళ్ళో పొడి గింజన్నది లేదు. నువ్వుల్లేకుండా చెల్లుతుందా అండీ అన్నాను. ఆ స్థితిలోనూ నాకు ఆ వెటకారం పోలేదు.

"చెల్లదంటే ఏం చేస్తావు? విత్తు జల్లి, పండించి పట్టుకొస్తావా? అంతదాకా వీళ్ళు దాహంతో ఉండాలా?"

బందరు నుంచి సైకిలు మీద పెట్టె కట్టుకుని గాజులు అమ్మకానికి తెచ్చే సాయిబు ఒకాయన ఆ వేళ మా ఊళ్ళోనే చిక్కుకుపోయాడు. రెండు వారాల తర్వాత ఆయన తమ్ముడు వెతుక్కుంటూ వచ్చాడు. సైకిలు దొరికిన చోటు పంతులుగారే చూపించారు. "మీ పద్ధతి నాకు తెలియదు బాబూ. అందరితోపాటు మీ అన్నయ్యకీ నీళ్ళు వదిలాను. తప్పయితే ఏమీ అనుకోకు" అన్నారు. ఆ తమ్ముడు "నీళ్ళేగా పంతులుగారూ. నీళ్ళు ఎవరిచ్చినా తాగుతాం" అని, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని తన ప్రార్థన తను చేసుకున్నాడు. పంతులుగారు అది అయ్యేదాకా నిలబడి ఉన్నారు.

ఇదీ ఆయన నేరం. కమిటీ కూర్చుని తేల్చింది ఇదే. కులం తెలియనివాళ్ళకీ మతం కానివాళ్ళకీ కర్మ చేసిన చేత్తో శుభాలు చేయించకూడదట. గుళ్ళో నిలబడి తప్పయిందని చెప్పి, శుద్ధి చేయించుకుంటే మళ్ళీ పిలుస్తారట. "ఏ తప్పు అని చెప్పను?" అని అడిగారాయన. అంతే, వెలి. ఆ ఉగాదికి పక్క ఊరి పురోహితుణ్ణి తెచ్చి గుడి మైకులో పంచాంగం చదివించారు. మా పంతులుగారు తన అరుగు మీద కూర్చుని విన్నారు. ఆ మైకాయన తప్పు చదివిన చోటల్లా "ఊహూఁ" అని తల అడ్డంగా ఊపారు. అంతకు మించి ఆయన నోటి నుంచి ఒక్క ఫిర్యాదు నేను వినలేదు. ఆయన చెయ్యని ఫిర్యాదు అంతా ఇప్పుడు నేను చేస్తున్నాను.

మంగళవారం మధ్యాహ్నం పెదనాన్న ఇంటికి వెళ్ళాను.

"ఆయనకి మంత్రం చెప్పేవాళ్ళని ఎందుకు ఆపావు పెదనాన్నా?"

"శాస్త్రం ఒప్పుకోదు."

"గుడికి మైకు పెట్టావు. దేవుడి తల చుట్టూ కరెంటు బల్బులు తిప్పావు. గోపురానికి సినిమా పోస్టరు రంగులు వేయించావు. అప్పుడు ఒప్పుకుందా శాస్త్రం? ముసలాయన పాడె దగ్గరికొచ్చేసరికి దానికి నోరొచ్చిందా?"

"దేవుడే లేడని కాగితాలు పంచినోడివి, నీకు పురోహితుడు ఎందుకురా ఇవాళ? అసలు నీకేం పనిరా ఇందులో?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పుడు ఆయన గొంతు తగ్గింది.

"నా కొడుకుని వాళ్ళందరిలో కలిపేశాడ్రా ఆయన" అని గోడవైపు తిరిగిపోయాడు.

మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ఉప్పెన వచ్చిన వేళ సముద్రం వైపు చేలో ఉన్నాడు. దొరకలేదు. నెల తర్వాత పెదనాన్న బందరు నుంచి పురోహితుణ్ణి పిలిపించి, దర్భలతో మనిషి బొమ్మ చేయించి, దానికి నిప్పు పెట్టి, పేరూ గోత్రమూ చెప్పించి అన్నయ్యకి కర్మ చేశాడు. మా పంతులుగారిని గుమ్మం ఎక్కనివ్వలేదు. వాడు ఆ కుప్పల్లో లేడని నమ్మాలి కదా. పంతులుగారి చేతులు చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఇది నాకు ఆ గోడవైపు తిరిగిన వీపు చూశాక అర్థమైంది. అర్థమైతే కోపం తగ్గాలంటారు. నాకు తగ్గలేదు. బాధ నీ ఒక్కడికే ఉందా పెదనాన్నా? బాధ ఉన్నవాడికి ఇంకొకరి శవం మీద అధికారం ఎవరిచ్చారు?

పాడె మోసింది నలుగురం. నేను, పల్లెపాలెం నుంచి వచ్చిన ముగ్గురు. ఆ ముగ్గురి ఇళ్ళల్లోవాళ్ళకీ ఆయనే నీళ్ళు వదిలారు. కట్టెల మీద పెట్టాక అమ్మగారు నిప్పు నా చేతికిచ్చారు. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదని ఎవరో అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు.

"నాకు మంత్రాలు రావు అమ్మగారూ."

"ఆయనకొచ్చినవన్నీ ఈ ఊరికే చదివేశారు నాయనా. నువ్వు ఊరికే పెట్టు."

పెట్టాను. తిరిగొచ్చేప్పుడు ఆవిడ ఒక్క మాటే అడిగారు. "పిల్లల్లేనివాళ్ళం. పదో రోజున రేవులో ఎవరన్నా నాలుగు చుక్కలు వదులుతారా? అంతమందికి వదిలిన మనిషి, ఆయనే దాహంతో పోకూడదు." నేను వదులుతానన్నాను. నేను ఒక్కణ్ణి చాలను. అందుకే ఇది రాస్తున్నాను.

బందరు రీడింగు రూములో నా స్నేహితుడికి ఇదంతా చెబితే పకపకా నవ్వాడు. "నిన్నటిదాకా పిండాలు పెట్టొద్దన్నావు, ఇవాళ జనాన్ని పోగేసి నీళ్ళు వదిలిస్తావా? పిలక కూడా పెంచు" అన్నాడు. పెదనాన్న అడిగిన ప్రశ్నే వీడూ అడిగాడు, అటు చివర్నుంచి. వీడికి మాత్రం జవాబు చెప్పాను. పైలోకం మీద నాకు నమ్మకం లేదు. ఆ నీళ్ళు ఎక్కడికీ వెళ్ళవనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ మూడో రోజున మనిద్దరం చదివిన పుస్తకాల్లో ఒక్కటి కూడా వచ్చి ఆ చాప కొస పట్టుకోలేదురా. ఆయన పట్టుకున్నాడు. ఎవరూ లేనివాళ్ళకి కూడా ఒక వాటా ఉందని ఆయన చదివిన దాంట్లో రాసి ఉంది. రాసి ఉన్నదాన్ని చేసి చూపించినవాడు మా ఊళ్ళో ఆయనొక్కడే. దాన్ని కాపాడుతున్నామని చెప్పేవాళ్ళు ఆయన్ని వెలివేశారు. ఇక ఎవరు ఎటువైపో నువ్వే తేల్చుకో అన్నాను. వాడు నవ్వడం మానేశాడు. వస్తానని మాత్రం అనలేదు.

పెదనాన్నా, నువ్వు ఇది చదువుతావు. తిట్టడానికైనా నా కాగితాలన్నీ చదువుతావు. దర్భల బొమ్మకి నువ్వు చేసింది తప్పని నేననను. కానీ ఆ ఐదు సాయంత్రాలూ అన్నయ్య ఎక్కడున్నాడో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఎక్కడున్నా, ఆ ఐదు సాయంత్రాలూ వాడి దాహం సంగతి తలుచుకుని నీళ్ళలో నిలబడినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కణ్ణి నువ్వు మంత్రం లేకుండా పంపించావు.

వచ్చే గురువారం పదో రోజు. ఉదయం ఏడు గంటలకి మా ఊరి కృష్ణ రేవులో కలుద్దాం. దారి తెలియనివాళ్ళు మొదటి బస్సుకి అవనిగడ్డ వస్తే బస్టాండులో నేనే ఉంటాను. పురోహితుడు ఉండడు. మైకు ఉండదు. నమ్మేవాళ్ళు రండి, నమ్మనివాళ్ళు రండి, ఆయన కట్టించిన తాళితో కాపురాలు చేస్తూ మంగళవారం తలుపులు వేసుకున్నవాళ్ళూ రండి. కులం అడగం. పొడి తువ్వాలు ఒకటి వెంట తెచ్చుకోండి, తడుపుకోవడానికి నది ఉంది.

ఆయన ఆఖరిసారి పిండిన తుండు ఇంకా ఆ దండెం మీదే ఉంది. అమ్మగారు తియ్యలేదు. ఎండి బిరుసెక్కి, కొసలు పీలికలై గాలికి కొట్టుకుంటోంది. గురువారం దాన్ని రేవుకి తెస్తానన్నారు. నీళ్ళలో ముంచాక ఒక కొస ఆవిడ పట్టుకుంటారు. పెదనాన్నా, ఏడు గంటలకి. నమ్మకాల సంగతి తర్వాత తేలుద్దాం. ముందు ఆ రెండో కొస పట్టుకో.