ఇల్లు వదిలిన నీలవేణి ఎక్కడ పడుకుంది?

చందానగర్‌లో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సక్కుబాయి ఇస్త్రీ బల్ల పెట్టుకుని పంతొమ్మిదేళ్లు. రోజూ మూటలకు మూటలు వస్తాయి, ఎక్కువగా కంపెనీలకు వెళ్లేవాళ్ల చొక్కాలు. మధ్యాహ్నమయ్యేసరికి కుడి భుజం గుంజేది, మడమలు సలిపేవి. కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదని అట్లాగే నిలబడి ఉండేది.

ఆ వేళకే మూడో అంతస్తు నుంచి గంగమ్మ దిగొచ్చేది. ఆమెది తాడిపత్రి. కోడలు రమ్య ఇంట్లోనే కూర్చుని ఆఫీసు కాల్స్ మాట్లాడుతుంది కనుక పైన గట్టిగా చదవడానికి లేదు. మనసులో చదువుకుంటే రెండో పేజీకే కునుకు పడుతుంది. అందుకని ప్లాస్టిక్ కుర్చీ బల్ల పక్కకు లాక్కుని నవల పైకి చదివేది. చదువు రాని సక్కుబాయి చొక్కాలు రుద్దుతూ వినేది.

ఆ నెల చదివింది నీలవేణి అనే ఆమె కథ. పెళ్లయిన ఇరవై ఏళ్లకు నీలవేణి మొగుడికి ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు వదిలి బస్సెక్కుతుంది. ఆఖరి పేజీలో కిటికీ గాలి ముఖానికి కొడుతుంటే తనలో తాను నవ్వుకుంటుంది. గంగమ్మ పుస్తకం మూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎంత బాగా రాసినాడు మే. నీకెట్లనిపించింది?"

సక్కుబాయి చొక్కా కాలరు తిప్పింది. "బస్సు దిగినంక యాడ పండుకుందట?"

"అది రాయలేదు."

"మరి ఏం రాసిండు పెద్దమ్మా? బస్సు ఎవరైనా ఎక్కుతరు."

గంగమ్మకు ఆ మాట గుచ్చుకుంది. "నీకు కథ వినడం రాదులే," అని లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు కిందికి దిగలేదు. సక్కుబాయీ కబురు పెట్టలేదు. బతిమాలడానికి కూడా ఓపిక కావాలి.

ఐదో రోజు గంగమ్మ పుస్తకం లేకుండానే వచ్చి కూర్చుంది. "నువ్వు అడిగినప్పటి నుంచి నాకూ అదే యోచన. యాడ పండుకోనింటుంది?"

సక్కుబాయి చేతిలోని ప్యాంటు మడత పూర్తిచేసి, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"నేనైతే హఫీజ్‌పేట్ రైలు స్టేషన్ల పండుకున్న. పెండ్లయిన కొత్తల మా ఆయన తాగొచ్చి కొడితే పోయిన. మొదటి దినం మస్తు ధైర్యంగనే ఉంటది. రెండో దినం నీళ్లు యాడ పోసుకోవాల్నో తెల్వదు. ఓ ఫంక్షన్ హాల్ల అంట్లు తోముకుంట పదకొండు దినాలున్న. ఆయన మారిండని కాదు, అలిసిపోయి తిరిగొచ్చిన. ఈ ముచ్చట మా బిడ్డకు గూడ తెల్వదు."

"ఆయప్ప ఏమన్నాడు?"

"ఏమన్లే. కూర చెయ్యమన్నడు."

గంగమ్మ తన మోకాళ్లు నిమురుకుంది. "నేను రెండుసార్లు సంచి సర్దుకున్న్యా. గడప దాటలేదు. అందుకే ఆ బస్సు దగ్గర ఏడుపొచ్చిందేమో."

సక్కుబాయి తల ఊపింది. ఓదార్చాలని ఇద్దరికీ తోచలేదు. పైనుంచి రమ్య ఫోన్ చేసింది. గంగమ్మ బల్ల పట్టుకుని మెల్లగా లేచింది.

"రేపు ఇంకోటి తెస్తా. దాంట్లో ఎవురూ యాడికీ పోరంట."

"ఏదైతేంది, తీస్కరా. జర నిమ్మళంగ చదువు పెద్దమ్మా," అంటూ సక్కుబాయి ఇంకో మూట విప్పింది.