నిచ్చెన కింద వినబడినంత వరకు

ఊరు దాటే రోడ్డు పక్కన, టైర్ల షాపుకి ఎదురుగా ఒక నల్లరాయి ఉంది. పైన "మన ఊరి కవి" అని పెద్ద అక్షరాలు, కింద నాలుగు లైన్లు. ఆ కవి మా అన్నయ్య. ఆ నాలుగు లైన్లు మాత్రం టైర్ల ప్రకటన.

అన్నయ్య షాపులకి బోర్డులు రాసేవాడు. ఖాళీ గోడ కనబడితే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. కవిత్వం మాత్రం ఎన్నడూ కాయితం మీద పెట్టలేదు. నిచ్చెన ఎక్కాకే అది ఆయనకు వచ్చేది. కింద వదిన నిచ్చెన పట్టుకుని నిలబడేది. ఆయన రంగు వేస్తూ పైనుంచి చెప్పేవాడు, ఆవిడ వినేది. సగం ఆవిడకి, సగం గాలికి.

"వినబళ్ళేదండీ, దిగాక మళ్ళీ చెప్తారా?"

"దిగితే నేను బోర్డులవాణ్ణేనోయ్. పైనున్నంతసేపే కవిని. నువ్వు నిచ్చెన వదలకు, అది చాలు."

రంగుల వాసన ఊపిరితిత్తులకు పట్టి, దగ్గి దగ్గి పోయాడు. పోయాక పురపాలక సంఘానికి ఆయన పేర రాయి వేయాలని బుద్ధి పుట్టింది. మెంబర్లిద్దరు ఇంటికొచ్చారు.

"నాలుగు లైన్లకి చోటుందమ్మా. ఆయన చెప్పినవాటిల్లో మంచిది చెప్పండి."

వదిన దాచుకున్నదంతా ఒక్కటే. అదే చెప్పింది.

"నేనెక్కిన ప్రతి మెట్టూ
నీ చేతుల్లోనే ఉంది
నేను దిగిపోయే రోజున..."

అక్కడ ఆగింది. "అప్పుడు లారీ వచ్చింది. ఆయన పెదాలు కదలడం చూశాను. నవ్వుతూనే చెప్పారు."

మెంబర్లు మొహామొహాలు చూసుకున్నారు. "సగంలో ఆగితే రాతి మీద బాగుండదమ్మా. గుర్తొస్తే కబురు పెట్టండి."

గుర్తు రాలేదు. రాయి చెక్కేవాడు తొందరపెట్టాడు. అన్నయ్య కవిత్వం ఎవరికైనా నోటికొచ్చా అని మెంబర్లు బజార్లో అడిగితే, ఊరు ఊరంతా టైర్ల షాపు గోడ మీద ఆయన రాసిందొక్కటే అప్పజెప్పింది.

"దారి పొడుగని దిగులెందుకు?
టైరు మాదైతే ఆగేదెందుకు?
గాలి నిండితే బండికి జోరు
గట్టి టైరుకి మాదే పేరు!"

ఆవిష్కరణ నాడు అధ్యక్షులవారు "ఇక్కడ టైరంటే ఆత్మ" అని అర్థం విప్పారు. టైర్ల షాపాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేను వదిన వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక, "వెళ్ళి నిలదీద్దాం వదినా" అన్నాను.

"ఏమని నిలదీస్తావు బాబూ? మిగతాది నువ్విస్తావా?"

రాతగాణ్ణని పేరున్నవాణ్ణి. ఇద్దామనే కూర్చున్నాను. ఎన్నో కొట్టేసి, చివరికి ఒకటి వినిపించాను. శ్రద్ధగా విన్నది. "బాగుంది. నీ రాతలాగే ఉంది" అంది. అంతే, నేను మళ్ళీ కలం ముట్టలేదు.

ఇప్పుడా రాయిని ఎవరూ చదవరు. పంచరైన చక్రాలు దానికి ఆనించి పెడతారు. వదిన మాత్రం రోజూ పొద్దున్నే వెళ్తుంది. మొన్న వెంట వెళ్ళాను. చక్రాన్ని పక్కకి దొర్లించి, రాతిని రెండు చేతులా పట్టుకుని, తల పైకెత్తింది. పైన ఏమీ లేదు, ఎండ తప్ప.

"పట్టుకునే ఉన్నానండీ, చెప్పండి."

లారీ ఒకటి రాయి మీద దుమ్ము పోసి పోయింది. ఆ హోరు పూర్తిగా తగ్గేదాకా వదిన ఆగింది.

"వినబళ్ళేదు" అంది.