కాంటెస్సా లోపలి లైటు మూత

ఆ రోజుల్లో మాకు అబద్ధమాడే అవసరం పెద్దగా ఉండేది కాదు. నోరు మూసుకుంటే చాలు, పని జరిగిపోయేది. అలా నేను ఇరవై రెండేళ్లు నోరు మూసుకున్న సంగతి ఒకటుంది. చిక్కడపల్లిలో మా పెద్దసారు దగ్గరున్న కాంటెస్సా కారును ఫోన్లలో వీడియోలు తీసి పెట్టినవాళ్లందరూ ‘కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఒక్క ముక్క మారలేదు’ అంటున్నారు కదా, అది నిజం కాదు. ఒక ముక్క మారింది. మార్చినవాణ్ణి నేనే. ఆ వీడియోలు చూసి ముచ్చటపడ్డవాళ్లు నన్ను క్షమించాలి. (ముచ్చటపడటం మాత్రం మానకండి. మిగతా కారంతా నిజమే.)

అప్పుడు నేను అశోక్‌నగర్‌లో గ్రూప్ వన్ కోచింగుకు వెళ్తూ, పెద్దసారు ఇంటి మేడమీది గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. నాతోపాటు మా ఊరివాడే ఒకడు ఉండేవాడు. పొద్దున్నే పేపరు చదివి, సాయంత్రం దాకా దాన్నే మాకు తిరిగి చెప్పేవాడు గనుక వాడి పేరు కరెంట్ అఫైర్స్. పెద్దసారుకు నారాయణగూడలో చిన్న ప్రెస్సు ఉండేది. శుభలేఖలు పంచేశాక అందులో తప్పు కనబడితే, పెళ్లివాళ్లు వద్దు మొర్రో అంటున్నా వినకుండా సవరణ చీటీ అచ్చు వేసి ఇచ్చే మనిషి. అలాంటి మనిషి జీవితంలో చేసిన ఒకే ఒక్క దుబారా ఆ కారు. ముదురు నీలం రంగు, ముందు నాలుగు గుండ్రటి లైట్లు, పడవంత బానెట్టు. ఇప్పటి పిల్లలు దాన్ని మన దేశపు మజిల్ కారు అంటున్నారు. మా గల్లీవాళ్లు మాత్రం పొడుగు బండి అనేవాళ్లు. ఎందుకంటే దాన్ని బయటికి తీయాలంటే ఆరిళ్ల స్కూటర్లు, ఒక ఇస్త్రీ బండి, నిద్రపోతున్న రెండు కుక్కలు పక్కకు జరగాలి. ఇంతమందిని బతిమాలడం ఇష్టంలేక పెద్దసారు ప్రెస్సుకు నడిచే వెళ్లేవారు. అందుకే కొన్న పదిహేనేళ్లకు కూడా దాని మీటరు ఆరువేల కిలోమీటర్లు దాటలేదు.

ఆయన నాకు మొదటిసారి ఆ కారు చూపించిన ఆదివారం ఇప్పటికీ కళ్లముందే ఉంది. “చెప్పులు ఆడ ఇడువు. చేతులు కడుక్కున్నవా?” అన్నారు. కడుక్కున్నానన్నాను. “సబ్బుతోనా?” అన్నారు. వెళ్లి మళ్లీ కడుక్కొచ్చాను. అప్పుడు గుడ్డ కప్పు తీశారు. కారంటే నడిపేదనే అనుకున్న నాకు, కారంటే చదివేదని ఆరోజే తెలిసింది. “రంగు మీద వేలు ఆనియ్యకు, పక్క నుంచి చూడు. నారింజ తొక్క లెక్క సన్న గరుకు కనబడుతుందా? అది కంపెనీ రంగు. మళ్ల రంగేసిన బండయితే అద్దం లెక్క ఉంటది” అన్నారు. బానెట్టు లేపి, లోపలి రేకు మీద ఎవరో కార్మికుడు సుద్దముక్కతో పెట్టిన టిక్కు చూపించారు. ఆ కార్మికుడి మొహం ఎలా ఉంటుందో తెలియదు గానీ, చెయ్యి మాత్రం కాస్త వంకర. “స్క్రూ తలలు చూడు. ఒక్కదాని మీదన్న గీత ఉందా? ఇప్పినోడు గీత పెట్టకుండ ఉండడు.” లేదు, ఒక్క గీత కూడా లేదు. తలుపుల లోపలివైపు పాలిథీన్ కాగితం అలాగే ఉంది. జాకీ సంచి తాడు ముడి ఇంతవరకు ఎవరూ విప్పలేదు. ఇక డిక్కీలోని స్టెప్నీ టైరు! కొత్త టైరు మీద రబ్బరు వెంట్రుకలు ఉంటాయి చూడండి, పది కిలోమీటర్లు తిరిగితే రాలిపోయేవి, అవి పదిహేనేళ్ల తర్వాత కూడా నిటారుగా నిలబడి ఉన్నాయి. నా చేతి మీదివి కూడా నిలబడ్డాయి. చివరికి లోపల సీలింగుకున్న చిన్న లైటు మీది ప్లాస్టిక్ మూత చూపించి, ఆయన గొంతు తగ్గించారు. “ఇది తెల్లగ వచ్చింది. ఇగ ఇట్ల మీగడ రంగుకొచ్చింది. ఈ రంగు ఎవడు వేస్తడయ్యా? టైమే వేస్తది.”

ఆరోజు నుంచి ప్రతి ఆదివారం కారు తుడిచే పని నేనే అడిగి తీసుకున్నాను. రాజ్యాంగంలోని అధికరణాలు గుర్తుండేవి కావు గానీ ఆ కారులో ఏ అద్దం మీద ఏ అంకె చెక్కి ఉందో నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి. కొన్ని నెలలకు పెద్దసారు తాళంచెవి నా చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం పొద్దున ఆయన, పెద్దమ్మ (ఆయన భార్యను మేం అలాగే పిలిచేవాళ్లం) గాంధీనగర్‌లో పెళ్లికి వెళ్లారు. తుడవడం అయిపోయింది. కరెంట్ అఫైర్స్ డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. (ఇద్దరం సబ్బుతోనే కడుక్కున్నాం. ఆ విషయంలో మాకు వంక పెట్టలేరు.) అశోక్‌నగర్‌లో చదివే ప్రతివాడి మనసులో తాను కలెక్టరుగా ఏలే ఒక జిల్లా ఉంటుంది. ఆ వెనక సీటు మెత్తదనానికి నా జిల్లా బయటికి వచ్చేసింది.

“సార్, ఆఫీసొచ్చింది” అన్నాడు వాడు.

“జనం ఉన్నరా?”

“బగ్గ ఉన్నరు సార్. దండలు పట్టుకొని నిలవడ్డరు.”

దండలు పట్టుకుని నిలబడ్డ జనానికి కూర్చుని దండం పెట్టడం మర్యాద కాదనిపించింది. సగం లేచి, రెండు చేతులూ జోడించి పైకెత్తాను. టప్పుమని చప్పుడైంది. ఒళ్లో రెండు మీగడ రంగు ముక్కలు పడ్డాయి. “ఏమైంది సార్?” అన్నాడు వాడు, ఇంకా డ్రైవర్‌గానే. వెనక్కి తిరిగి చూశాక ఆ ‘సార్’ పోయింది. “అరేయ్, ఇగ మనకు ఈ రూము లేదు” అన్నాడు.

మరునాడే రాంనగర్‌లో కార్ల సామాన్లు అమ్మే ఒక దుకాణానికి పరుగెత్తాను. అదృష్టం కొద్దీ అలాంటి మూతే దొరికింది. దురదృష్టం కొద్దీ అది కొత్తది, పాలలా తెల్లగా ఉంది. “అన్నా, పాతది లేదా? జర మాసిపోయింది?” అని అడిగాను. దుకాణం ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “కొత్తది ఇస్త అంటే మాసిపోయింది అడుగుతవేందే? తబియత్ మంచిగుందా?” అన్నాడు. కొత్తదే తెచ్చుకున్నాం. పసుపు నీళ్లలో ఉడకబెడితే పెళ్లికూతురి రంగు వచ్చింది. మేడమీద ఎండలో పెట్టి, కాకి ఎత్తుకుపోకుండా వంతులవారీగా కాపలా కాశాం. రెండు రోజుల్లో పసుపు వెలిసిపోయింది. తర్వాత చిక్కటి టీ డికాషన్‌లో మూడు మునకలు వేయించాం. గ్రూప్ వన్ సిలబస్ మీద ఆ శ్రద్ధలో సగం పెట్టినా ఈపాటికి నేను నిజంగానే దండలు వేయించుకుంటూ ఉండేవాణ్ణి. ఆ మూతకు స్క్రూలు లేవు. నొక్కితే పట్టుకుంది, గీత పడలేదు. పగిలిన ముక్కలు పారేయడానికి మాత్రం చెయ్యి రాక, పరీక్షలకు తీసుకెళ్లే కంపాస్ బాక్సులో దాచాను.

ఆ తర్వాతి ఆదివారం పెద్దసారు తలుపు తీసి, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చారు. “చూసినవా, కొత్త బండి వాసన ఇంక పోలే” అన్నారు. నేను గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాను, తుడిచిన అద్దాన్నే.

ఆ తర్వాత పాత కార్ల ప్రదర్శన ఒకటి వచ్చింది. స్కూటర్లను, ఇస్త్రీ బండిని, కుక్కలను జరిపి, ఊరేగింపులా బయటికి తెచ్చాం. అక్కడ తళతళలాడే కార్లు ఎన్నో ఉన్నాయి. కానీ మార్పు చేయని బండికి వేరే బహుమతి ఉంది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి టార్చిలైటుతో వచ్చి, సుద్ద టిక్కు చూసి నవ్వి, టైరు వెంట్రుకలు చూసి టోపీ తీశాడు. లోపలికి వంగి లైటు మూత దగ్గర ఆగిపోయాడు. “ఈ రంగు చూడండి. కొత్తది తెచ్చి పెట్టి ఇలాంటి రంగు రప్పించడం ఎవరి తరమూ కాదు” అన్నాడు. నాకు లోపల ఒక మూల సిగ్గు, ఇంకో మూల, ఎందుకు దాచాలి, కాస్త గర్వం. “ఏమైనా మార్చారా?” అని అడిగితే పెద్దసారు నిటారుగా నిలబడి, “బ్యాటరీ, నూనె, టైర్లల్ల గాలి. ఇంకేం మార్చలే” అన్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను, చేతిలో గుడ్డ పట్టుకుని. నోరు తెరవడానికి అదే సమయం. తెరిచాను, ఆవలించి మూసేశాను. బానెట్టు మీద నీలం రిబ్బను కట్టారు.

డిప్యూటీ కలెక్టర్ని కాలేదు. వేరే పరీక్ష రాసి ఒక ఆఫీసులో చేరి, మెల్లమెల్లగా గెజిటెడ్ అయ్యాను. ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టే యోగం పట్టింది. పిల్లల సర్టిఫికెట్ల మీద ‘నిజ ప్రతి’ అని ముద్ర కొట్టిన ప్రతిసారీ ఎక్కడినుంచో టీ డికాషన్ వాసన వచ్చేది. పోయిన నెల పెద్దసారు ఫోన్ చేశారు. ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇస్తున్నారట, కారును పాత కార్లు దాచుకునే ఒకాయనకు అప్పగిస్తున్నారట. “కాయితం రాసిన. సాక్షి సంతకం నువ్వు పెట్టాలె. ఆ బండిని నాకన్న ఎక్కువ తుడిచినోనివి నువ్వే” అన్నారు. అలమారా అంతా వెతికి, కంపాస్ బాక్సు జేబులో వేసుకుని వెళ్లాను.

కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. చివరి వాక్యం: ‘ఇందులోని ప్రతి వస్తువు మొదటినుంచి ఉన్నదే. ఇది నా మాట.’ ఆకుపచ్చ పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను. “సార్, ఆ కాలంలో ప్లాస్టిక్ నాణ్యత అనేది...” అని వ్యాసంలా ఉపోద్ఘాతం మొదలుపెట్టాను.

“ముచ్చటకు రా” అన్నారు.

కంపాస్ బాక్సు తెరిచి రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాను. పెద్దసారు అద్దాలు పెట్టుకుని, ఆ రెండింటినీ దగ్గరికి చేర్చి చూశారు. సరిగ్గా అతుక్కున్నాయి.

“ఎన్నడు?”

“మీరు గాంధీనగర్ పెండ్లికి పోయిననాడు సార్. లేచి నిలవడ్డ, చెయ్యి తాకింది.”

“కార్ల ఎందుకు లేచినవయ్యా?”

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న అదే. “జనం... దండలు పట్టుకొని నిలవడ్డరని సార్” అన్నాను. వంటింటి గుమ్మంలో ఉన్న పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిగతాది కూడా చెప్పేశాను, ఎండా, కాకీ, మూడు మునకలూ.

“అయితే నేను కొత్త బండి వాసన అన్నది...”

“టీ డికాషన్ సార్. కొద్దిగ పసుపు.”

“నేను అప్పుడే చెప్పిన, వంటింటి వాసనొస్తుందని” అన్నారు పెద్దమ్మ. పెద్దసారు నవ్వలేదు. “పగిలింది పెద్ద ముచ్చట కాదు. ఎంతమందికి చూపెట్టిన దాన్ని! అందరికి నాతోని అబద్ధం చెప్పిచ్చినవు గదయ్యా” అన్నారు. ఇరవై రెండేళ్లలో ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు. నేను దాచింది నా తప్పే అనుకున్నాను గానీ, దాన్ని ఆయన నోట్లో పెట్టానని అనుకోలేదు.

ఆయన కాగితం నావైపు జరిపారు. “‘లోపలి లైటు మూత తప్ప’ అని సవరణ రాయి. నీ పచ్చ సిరాతోనే.” రాశాను. “కారణం గూడ రాయి.” ఏం రాయాలని అడిగాను. “కలెక్టర్ గారి పర్యటన అని రాయి” అన్నారు. పెద్దమ్మ ఇక ఆపుకోలేకపోయారు.

సంతకాలయ్యాక ఆయన తాళంచెవి తీసుకుని కిందికి నడిచారు. నేను ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి, సబ్బుతో చేతులు కడుక్కుని, వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. పైన నా మూత. టీ రంగు ఎప్పుడో వెలిసిపోయినట్టుంది. దాని మీద నిజంగానే మీగడ రంగు దిగింది, ఎవరూ వేయకుండానే. ఆ రోజు ఇక్కడ సగం లేచి దండలు వేయించుకోబోయిన కుర్రాడు తలపుకొచ్చి నవ్వొచ్చింది. వాడికి అంత తొందరేమిటో. నేను పెద్దసారుకు దండం పెట్టబోతే, “చెయ్యి లేపకు” అన్నారు పెద్దసారు పైకి చూస్తూ. చేతులు ఒళ్లోనే జోడించి, తల వంచి, “తప్పయింది సార్. పగలగొట్టినందుకు కాదు, చెప్పనందుకు” అన్నాను.