అడ్డుకట్ట తీసేయమన్న మా మావయ్యగారు

మా ఇంటికీ, మా మేనత్తగారింటికీ మధ్య గోదావరి చిన్న పాయ ఒకటుంది. దానికి అడ్డంగా ఎప్పుడో కట్టిన రాతి అడ్డుకట్ట ఉండేది. చేలకు వేరే కాలువ వచ్చాక దాని అవసరం తీరిపోయింది. గుర్రపుడెక్క పట్టేసి, నీళ్లు కదలక కంపు కొట్టేవి. కట్ట తీసేసి పాయను పారనిద్దామనుకున్న అధికారులు, జనం ఏమంటారో రాసుకురమ్మని నాకు పురమాయించారు. అమలాపురం కాలేజీలో పాఠాలు చెబుతాను కదా, చేతిరాత బాగుంటుందనుకున్నారేమో.

రెండు గట్ల వాళ్లూ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు.

"తీసెయ్యండమ్మా, సముద్రం పోటుతో పండుగొప్ప చేప పైకొస్తాదండి" అన్నాడు చేపలు పట్టే ఒకాయన.

"ఆయ్, మరి నేను బట్టలెక్కడ ఉతుక్కోనండీ?" అంది పక్కావిడ.

ఇంకొకాయన, తన గేదె ఆ కట్ట పక్కన తప్ప ఎక్కడా నీళ్లలో దిగదనీ, దాని అభిప్రాయం కూడా రాయమనీ అడిగాడు. రాశాను.

అప్పుడు మేనత్త భర్త, మా మావయ్యగారు లేచారు. పెళ్లిళ్లలో కూడా నోరు విప్పని మనిషి.

"నదిని కట్టేసే హక్కు మనకెవరిచ్చేరండీ? గోదారమ్మ ఊపిరాడక అల్లాడిపోతోందండి!"

చప్పట్లు మోగాయి. నాకైతే కళ్లు చెమర్చాయి.

అత్తయ్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. "గోదారి మీద ఇంత ప్రేమ ఎప్పట్నించండీ మీకు? మా అన్నయ్య రోజూ ఆ కట్ట దాటి కాఫీకి వస్తున్నాడనే కదా?"

ఆ అన్నయ్య మా నాన్న. ముందు వరసలోనే ఉన్నారు.

"కాఫీకేంటి, నేనొచ్చేది పేపరు చదవడానికి!" అన్నారు నాన్న.

"అదేనండి బావగారూ, గట్టిగా పైకి చదువుతారు. టెండరు ప్రకటనలతో సహా" అన్నారు మావయ్యగారు.

ఫారంలో 'కారణం' అన్న గడిలో 'కుటుంబ విషయం' అని రాశాను.

ఎక్కువమంది సరేననడంతో ఎండాకాలంలో కట్ట తీసేశారు. వానలకు పాయ పారింది, కంపు పోయింది. గేదె రెండు రోజులు అలిగి మూడో రోజు దిగింది. నాన్న వంతెన మీదుగా చుట్టు తిరిగి ఆటోలో వెళ్లడం మొదలుపెట్టారు. అంత దూరం వెళ్లి కాఫీతో వచ్చేస్తే ఏం బాగుంటుందని భోజనానికి ఉండిపోయేవారు, ఆపైన కునుకు కూడా.

నెల తిరక్కుండానే మావయ్యగారు నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, కట్ట మళ్లీ కట్టమని దరఖాస్తేమైనా ఉంటాదా?"

"లేదు మావయ్యా."

"పోన్లే, నీళ్లు మాత్రం బాగున్నాయి" అన్నారు.