విజయరాణి వంతు

ముత్యం చేతిలో సన్న స్క్రూడ్రైవరు తిరుగుతోంది. క్యాసెట్టుకున్న ఐదు చిన్న స్క్రూలనూ విప్పి, ఒక డబ్బా మూతలో పెట్టాడు. గోరుతో పైడొప్పను మెల్లగా లేపాడు. లోపల గోధుమరంగు రీలు ఒకచోట నలిగి ముద్దయింది. ఆ ముద్ద మధ్యలోనే తెగింది.

ఖతర్‌లోని అల్ ఖోర్ క్యాంపులో శుక్రవారం పొద్దున. గదిలో ఉన్నవన్నీ రెండంతస్తుల మంచాలే. మనుషులు మాత్రం లేరు. కొందరు బట్టలు ఉతుక్కుంటున్నారు, కొందరు మెస్సులో ఉన్నారు. ముత్యం తన కింది మంచం మీద తెల్లటి తువ్వాలు పరిచి పని మొదలుపెట్టాడు.

వారమంతా అతనిది రాస్ లఫాన్‌లో పైపుల పని. క్యాసెట్ల పని ఎవరూ నేర్పలేదు. వచ్చిన మొదటి ఏడాది ఇంటి నుంచి వచ్చిన మాటల క్యాసెట్టు తెగితే తానే అతికించబోయి పాడుచేశాడు. ఆ పాడైన రీలునే ముక్కలు ముక్కలు కోసుకుంటూ అతుకు వేయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు క్యాంపులో ఎవరి క్యాసెట్టు తెగినా అతని మంచం దగ్గరికే వస్తుంది. అతనికి రెండు కట్టుబాట్లున్నాయి. నలిగినంతవరకే కోయాలి. అతుకు సరిచూసేటప్పుడు చెవిన పడ్డ ఇంటి మాటలు ఇంకొకరికి చెప్పకూడదు.

ఈ క్యాసెట్టు మాత్రం ఇంటి మాటలది కాదు. జగిత్యాల వైపున్న వాళ్ళ ఊళ్ళో మండల ప్రాదేశిక ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఆ స్థానం ఆడవాళ్ళకు పోయింది. ఒకే పార్టీ టికెట్టు కోసం ఏడుగురు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. ఒకరికిస్తే మిగతా ఆరిళ్ళూ దూరమవుతాయని మండల నాయకుడు రామకృష్ణారావుకు భయం. అందుకే ఏడుగురినీ బడిలో కూర్చోబెట్టి, నడుమ టేప్‌రికార్డరు పెట్టి, అందరినీ ప్రశ్నలడిగి, ఆ క్యాసెట్టును ఇక్కడికి పంపాడు. ఊళ్ళో సగం ఇళ్ళ మగవాళ్ళు ఈ క్యాంపులోనే ఉన్నారు. ఎవరు బాగా మాట్లాడారని వీళ్ళు తేలిస్తే ఆమెకే టికెట్టు. వీళ్ళ జవాబును, రంజాన్‌కు ఇంటికి పోతున్న లియాఖత్ అలీ ఈ సాయంత్రమే పట్టుకుపోవాలి.

క్యాసెట్టు మొదట ఫోర్‌మన్ మల్లన్న చేతికి వచ్చింది. ఏడుగురిలో గంగమణి అతని వదిన. అందరికంటే ముందు తాను విందామని రాత్రి తన పెద్ద టేప్‌డెక్కులో పెట్టాడు. డెక్కు రీలును నమిలేసింది.

ముత్యం నలిగిన ముక్కను ఇనుప స్కేలు మీద సాపు చేసి, బ్లేడుతో ఏటవాలుగా కోశాడు. రెండు కొసలూ కలిపి, టేప్‌రికార్డరు హెడ్‌కు తగలని వెనకవైపు సన్నటి టేపు అంటించి, గోటితో రుద్దాడు. డొప్ప మూసి ఒక్క స్క్రూ మాత్రం బిగించి, తన చిన్న టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కాడు.

గంగమణి మాట ముగిసింది. అతుకు దాటింది. రామకృష్ణారావు గొంతు వచ్చింది.

"ఆఖరుకు విజయరాణమ్మ. నువ్వు జెప్పు. దుబాయ్ల ఉన్న మనోళ్ళకు నువ్వేం జేస్తవు?"

ఊళ్ళో ఆ పేరువాళ్ళు ఇంకా ఉన్నారు, ఏ విజయరాణో అనుకున్నాడు ముత్యం. ఇంతలో గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. ఆ దగ్గు అతనికి తెలుసు. అది అతని పెళ్ళాం దగ్గు.

"నేనేం జేయ సారూ. వాళ్ళే అక్కడ ఇరుక్కపోయి ఉన్నరు. మూడేండ్లాయె, మా ఆయన ఇంటికి రాలేడు. అసోంటోళ్ళు మాకేం తీర్పు జెప్తరు? బోరింగు కాడ బిందెలు పట్టుకొని నిలబడేది మేము. పురుడొస్తే ఎడ్లబండి మీద దవాఖానకు వొయ్యేది మేము. నేను మంచిగ మాట్లాడిన్నా లేదా, గీ ఊరి ఆడోళ్ళనడుగు. సముద్రం అవతలోళ్ళనడుగుడేంది?"

వెనకాల ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. క్యాసెట్టు అయిపోయింది.

ముత్యం వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. పోయిన నెల ఆమె పంపిన క్యాసెట్టులో బర్రె ఈనిన సంగతి ఉంది, అత్త మోకాళ్ళ నొప్పుల సంగతి ఉంది. ఎన్నికల మాట లేదు. పక్కన అత్త కూర్చుని ఉంటే ఆమె గొంతు అణిగి ఉండేది. ఈ గొంతును అతను పెళ్ళయిన కొత్తలో, గొళ్ళెం వేసిన గదిలో తప్ప ఎక్కడా వినలేదు. సంతోషం కలిగింది. వెంటనే మొహం వేడెక్కింది. ఇరుక్కపోయిండ్రట! ఆ మాట ఇంకాసేపట్లో గదినిండా మగవాళ్ళు వింటారు.

గుమ్మంలో మల్లన్న నిలబడ్డాడు.

"అతికిందా ముత్యం?"

"అతికిందన్నా."

"మా వదిన మాట్లాడింది ఉన్నదా?"

"మొత్తం ఉన్నది. అది నలగలే."

"గంతే చాలు. దాని తర్వాత ఎవరెవరో మాట్లాడిన్రట. డెక్కు నమిలిందాయె, కోసి పారెయ్. ఎవరడుగుతరు?" మల్లన్న గుమ్మానికి భుజం ఆనించాడు. "నీ లీవు కాయిదం నా టేబుల్ మీదనే ఉన్నది. రేపు కంపెనీ సార్ ముంగట పెడుదామనుకుంటున్న. పెట్టాల్నా, వద్దా?"

"పెట్టన్నా."

"మరి మంచిగ కొయ్యి."

మల్లన్న పోయాడు. ముత్యం మళ్ళీ డొప్ప తెరిచాడు. అతుకు దగ్గర్నుంచి రీలు బయటికి లాగి స్కేలు మీద పరిచాడు. జానెడు జానెడుగా కొలిచి కోసేస్తే ఆమె మాట మొత్తం పోతుంది. కోశాడని ఒక్కరికీ తెలియదు. లీవు వస్తుంది, పరువు మిగులుతుంది. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. మల్లన్న అడిగితే తప్ప ఆ బీరువా తెరుచుకోదు.

బ్లేడు అందుకున్నాడు. రీలు మీద చిన్న మడత కూడా లేదు. నున్నగా, మెరుస్తూ ఉంది. ఏ వైపు నుంచి బ్లేడు పెట్టాలో అతనికి తోచలేదు. ఇన్నేళ్ళలో పాడుకాని రీలును ఆ చేతులు ఎప్పుడూ కోయలేదు. బ్లేడు తువ్వాలు మీద పెట్టేశాడు. ఆఖరుకు పెన్సిలుతో రీలును లోపలికి చుట్టి, ఐదు స్క్రూలూ బిగించాడు.

నమాజుకు పోయిన లియాఖత్ అలీ తిరిగి వచ్చేసరికి గది నిండిపోయింది. పై మంచాల నుంచి కాళ్ళు వేలాడుతున్నాయి. మల్లన్న కుర్చీలో కూర్చున్నాడు.

"సప్పుడు జేయకుర్రి. యల్లా, జల్ది పెట్టు ముత్యం."

మొదట ఒక మగగొంతు వచ్చింది. "మా ఆడమనిషికి బిడియమెక్కువ, ఆమె ముచ్చట నేను జెప్త."

"నిలబడ్డది ఆమెనా, నువ్వారా?" అని పైమంచం నుంచి ఒకడు అరిచాడు. క్యాసెట్టులోనే ఆ ఆడమనిషి "జర జరుగు" అనడం వినిపించేసరికి గదంతా నవ్వింది.

ఇద్దరు కాగితం చూసి చదివారు. "బడిపిల్లల తీర్గ ఉన్నది, సున్నా మార్కులు" అన్నారు. ఇంకొకామె మొదటి ప్రశ్నకే ఏడ్చింది. ఐదో ఆమె రాములవ్వ.

"నా ముగ్గురు కొడుకులు దుబాయ్లనే ఉన్నరు బిడ్డా. నన్ను గెలిపిస్తే ఊరికెల్లి దుబాయ్‌కి సీదా బస్సు ఏపిస్త."

"అవ్వా, నడుమ సముద్రమున్నదే!"

"దుబాయ్ గాదవ్వా, ఖతర్ అను! ఇంకో ఊళ్ళె దింపుతది నీ బస్సు!"

తర్వాత గంగమణి. ఆమె తడబడలేదు. పంచాయతీ ఆఫీసు ముందర ఫోను డబ్బా పెట్టిస్తానంది. ప్రతి శుక్రవారం మీ తల్లులనూ పిల్లలనూ ఆడికి పిలిపిస్తానంది. గదిలో నవ్వులు ఆగిపోయాయి. కిటికీ పక్కనున్నతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నిజంగానే బాగా మాట్లాడింది.

"ఏమంటరు?" అని మల్లన్న లేవబోయాడు.

టక్కుమని అతుకు దాటింది. "ఆఖరుకు విజయరాణమ్మ..." అంది రామకృష్ణారావు గొంతు. మల్లన్న ముత్యం వైపు చూశాడు. ముత్యం తిరుగుతున్న చక్రాలనే చూస్తున్నాడు.

ఆమె మాట ముగిశాక పైమంచం నుంచి ఒకడు కిందికి వంగాడు.

"ముత్యం, గిది మీ ఇంటామె గాదా?"

"అవును."

"మమ్ముల ఇరుక్కపోయిన్రన్నది! మొగోళ్ళను పట్టుకొని గింత మాటనా?"

"అబద్ధమాడిందా?" అన్నాడు లియాఖత్ అలీ. "ఏదీ, నీ పాస్‌పోర్టు తీసి జూపియ్ సూద్దాం."

"మాఫీ" అన్నాడు ఎవరో, లేదనడానికి అరబ్బులనే మాట. కొందరు నవ్వారు.

మల్లన్న లేచి నిలబడ్డాడు. పొద్దున బస్సు దగ్గర హాజరు తీసుకునేటప్పుడు చూసినట్టే ఒక్కొక్కరినీ చూశాడు. "చేతులెత్తుర్రి. గంగమణికి?"

గది నిండా చేతులు లేచాయి. రాములవ్వకు ఇద్దరు నవ్వుతూ ఎత్తారు. విజయరాణికి లియాఖత్ అలీ ఒక్కడే ఎత్తాడు. పైమంచం మీద ఇంకో చేయి సగం లేచి, మల్లన్న చూపు తగిలి తలగోక్కోవడానికి పోయింది. ముత్యం చేతులు టేప్‌రికార్డరు మీదే ఉన్నాయి.

"అయిపోయింది. జవాబు రికార్డు జెయ్."

ముత్యం క్యాసెట్టు తిప్పిపెట్టి రెండు మీటలూ కలిపి నొక్కాడు. మల్లన్న ముందుకు వంగి చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరూ వంగి తమ పేరు, గంగమణి పేరు చెప్పి జరిగారు. లియాఖత్ తన మాట చెప్పాడు.

"నువ్వు గూడ జెప్పు ముత్యం" అన్నాడు మల్లన్న. "గంగమణమ్మ అను. ఇంటామెకే ఇచ్చుకున్నడన్న మాట రాదు నీ మీద."

అందరూ చూస్తున్నారు. విజయరాణి అంటే సొంత పెళ్ళానికి చెప్పుకున్నాడంటారు. గంగమణి అంటే ఊళ్ళో పెళ్ళాం వింటుంది. చక్రాలు ఆగకుండా తిరుగుతున్నాయి.

"ముత్యం మాట్లాడుతున్న సారూ. ఏడుగురిదీ ఇన్న. గంగమణమ్మ అందరికన్న మంచిగ మాట్లాడింది. విజయరాణి ఉన్న ముచ్చట జెప్పింది. మేమిక్కడ ఇరుక్కపోయే ఉన్నం. మా మాట మీద టికెట్టియ్యకు. బోరింగు కాడికి పోయి అడుగు." మీట నొక్కి ఆపేశాడు.

"తుడిచెయ్ అది" అన్నాడు మల్లన్న. "నీ ముచ్చట ఒక్కటి తుడిచెయ్, మిగిలింది ఉండనియ్."

ముత్యం క్యాసెట్టు బయటికి తీశాడు. వెనక అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పళ్ళుంటాయి. అవి విరిస్తే టేప్‌రికార్డరు ఇక ఆ క్యాసెట్టు మీద ఏదీ ఎక్కించనివ్వదు. స్క్రూడ్రైవరు కొసతో ఒకటి విరిచాడు. తిప్పి రెండోదీ విరిచాడు.

"గిప్పుడు తుడువరాదన్నా."

మల్లన్న కుర్చీ వెనక్కి నెట్టాడు. "మంచిది. నీ లీవు ముచ్చట రంజాన్ ఎల్లినంక సూద్దాం. సార్ బిజీ ఉన్నడు."

"సరే అన్నా."

బయట వ్యాను హారన్ మోగింది. ముత్యం క్యాసెట్టును తువ్వాలు కొసతో తుడిచి, డబ్బాలో పెట్టి, లియాఖత్ అలీ వెనకే గేటు దాకా నడిచాడు. చలిగాలికి ఇసుక లేస్తోంది. డ్రైవరు సూట్‌కేసులు పైకెక్కిస్తున్నాడు.

"ఇంట్ల ఏమన్న జెప్పాల్నా ముత్యం భాయ్?"

"జెప్పేది దీంట్లనే ఉన్నది. రామకృష్ణారావు సారు చేతికే ఇయ్యి, ఇంకెవరికీ ఇయ్యకు. నీ సూట్‌కేసుల స్పీకర్లున్నయి, వాటి పక్కన పెడితే అయస్కాంతానికి మాట పాడైతది. జేబుల పెట్టుకో."

లియాఖత్ అలీ డబ్బా అందుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు.