చుక్క పొడవని సోమవారం

మా ఆయనకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. దానికి సొంతంగా మందు కనిపెట్టే పనిలో ఆయన పడి రెండేళ్లు. ఈ రెండేళ్లలో దేశం కాని దేశంలో ఉన్న మా టార్నీట్ ఇంట్లోకి కొర్రలు వచ్చాయి, అరికెలు వచ్చాయి, మెంతులు నానబెట్టిన గ్లాసులు కిటికీ దగ్గర వరసగా చేరాయి. అన్నం మాత్రం వెళ్లిపోయింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రాసే మనిషి ఇంటికి రాగానే ఒక చెవితో ప్రవచనాలు, ఇంకో చెవితో ఆహార నియమాల వీడియోలు వింటూ నోట్‌బుక్‌లో రాసుకుంటారు.

ఇదంతా ఎందుకో నాకు తెలుసు. షుగర్ దిగకపోతే వచ్చేసారి ఇన్సులిన్ మొదలుపెడదామని మా జీపీ, అదే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరమ్మ, అంది. మా మామగారికి సూది మొదలుపెట్టిన ఏడాదికే కాలు తీసేశారు. సూదికంటే ముందే ఆ కాలికి పుండు పడిందన్న సంగతి మాత్రం ఈయన నోట్‌బుక్‌లోకి ఎక్కదు.

పోయిన కార్తీకంలో కొత్త పథకం వేశారు. సోమవారాలు పగలంతా ఉపవాసం, చుక్క చూశాకే భోజనం. పుణ్యానికి పుణ్యం, షుగర్ కూడా దిగుతుందట.

"డాక్టరమ్మకి ఒక్క ఫోన్ చేసి అడగండి" అన్నాను.

"శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదే."

"మీ ఒంట్లో ఉన్న చక్కెరకి చీమలు ఆజ్ఞ కోసం ఆగవు" అన్నాను. నవ్వనైనా నవ్వలేదు.

మా గుంటూరులో కార్తీకమాసం అంటే చలికాలం. ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, ఆరు దాటగానే చుక్క కనిపిస్తుంది. ఇక్కడ, భూగోళం కింది సగంలో, కార్తీకం ఎండాకాలం ముందు వస్తుంది. పైగా గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటాయి. ఎనిమిదిన్నరకి కూడా పక్కింటివాళ్లు వెలుతుర్లోనే పెరట్లో బార్బీ అంటూ పొయ్యి పెట్టి మాంసం కాల్చుకుంటారు. ఇన్ని చదివిన మనిషి ఆ తేడా లెక్కలోకే తీసుకోలేదు. నేను చెబితే, "శాస్త్రంలో గంటల్లేవే, నక్షత్రమే ఉంది" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

రెండు సోమవారాలు ఎలాగో గడిచాయి. మూడో సోమవారం పొద్దున షుగర్ మాత్ర మరిచిపోకుండా వేసుకున్నారు, ఆ తర్వాత మంచినీళ్లతో సరిపెట్టారు. సాయంత్రానికి మబ్బు పట్టింది. ఈయన పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. వంటింట్లో పప్పు చల్లారిపోయింది. నాకు ఒళ్లు మండిపోతోంది.

పదమూడేళ్ల మా అమ్మాయి తలుపులోంచి, "డాడ్, ఇట్స్ ఆల్రెడీ డార్క్ ఇన్ న్యూజిలాండ్. జస్ట్ ఈట్!" అని అరిచింది. ఈయన మొహం తుడుచుకున్నారు.

దగ్గరికెళ్లి చూస్తే చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. మీటరు తెచ్చి వేలు గుచ్చాను. మూడు పాయింట్ ఒకటి. నాలుగుకంటే దిగకూడదు. ఇక్కడి మీటరు లెక్క వేరు, ఇండియా వీడియోల లెక్క వేరు. అందుకని ప్రతిసారీ పద్దెనిమిదితో హెచ్చవేసి చూసుకోవడం ఆయనకు అలవాటు.

"మూడు పద్దెనిమిదులు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. "ఎంతే?" అని నన్నే అడిగారు. అప్పటిదాకా ఉన్న కోపం పోయి నాకు భయం వేసింది.

నారింజ రసం గ్లాసు నోటికి ఆనించాను. "చుక్క..." అంటూ మొహం తిప్పుకోబోయారు.

"శివుడితో నేను మాట్లాడుకుంటాను, ముందు మీరు తాగండి!" అని అరిచాను. తాగారు. పావుగంటకి కాస్త తేరుకున్నారు.

"సూది వద్దనే కదే ఇదంతా" అన్నారు, నేల చూపులు చూస్తూ.

"మీకు సూదంటే భయం. నాకు మీరు లేకుండా పోతారని భయం. రెండిట్లో ఏది పెద్దదో మీ నోట్‌బుక్‌లో ఎక్కడ రాసుకున్నారో చూపించండి" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

మర్నాడు జీపీ అంతా వింది. "ఉపవాసమని ముందే చెబితే ఆ రోజు మాత్ర సంగతి చూసేవాళ్లం కదా" అంది. మూడు నెలల సగటు షుగర్ ఏమాత్రం దిగలేదని చూసి, ఇక ఇన్సులిన్ తప్పదని చెప్పి, పెన్నులాంటి సూది ఒకటి బల్ల మీద పెట్టింది. ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"ముందు మా ఆవిడకి నేర్పండి" అన్నారు.

నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆయన్ని అన్నేసి మాటలన్నదాన్ని, నాకూ సూదంటే భయమేనని అప్పుడే తెలిసింది.